ఇరవై నాలుగు పుస్తకాల పెట్టె

చిన్నమ్మకు చదివి వినిపించడానికి పుస్తకాలు ఏరుకొని రమ్మని పద్మ ఫోను చేసినప్పుడు, ఎన్ని తేవాలని అడిగాను. "ఎన్నంటే ఏం చెప్పాలె వదినె? నీకు మంచిగ అనిపించినయి తే" అంది. అట్లా అంటే నాకు పని సాగదు. ముప్పై నాలుగేళ్ళు లెక్కల టీచరుగా చేశాను. సంఖ్య లేని పని చేతికిస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. నా బస్సు సంచిలో బట్టలు పోను పన్నెండు పుస్తకాలు పడతాయి. పన్నెండు తెస్తానని చెప్పి పెట్టేశాను.

పద్మ మా తమ్ముడు రవి భార్య. రవి మా చిన్నమ్మ కొడుకు, మణుగూరులో బొగ్గు గని ఉద్యోగం, కాలనీలో క్వార్టర్. చిన్నమ్మ అంటే మా అమ్మ చెల్లెలు. ఆమెకిప్పుడు ఎనభై నాలుగు, నాకు డెబ్బై మూడు. వానల ముందు ఆమెకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పూర్తిగా పోయింది. ఎడమ చెయ్యి కదులుతుంది, కళ్ళు కదులుతాయి. మనం అన్నది ఎంత అర్థమవుతుందో చెప్పలేమన్నాడట డాక్టరు. ఇదివరకు ఇష్టమైనవి ఏవైనా రోజూ చదివి వినిపించండి, ఎక్కడైనా ఆమె నుంచి పలకరింపు దొరుకుతుందేమో చూడండి అన్నాడట. మా ఇంట్లో చిన్నమ్మకు ఏం ఇష్టమో తెలిసినదాన్ని నేనొక్కదాన్నేనని వాళ్ళ నమ్మకం. నాకు పన్నెండు, పదమూడేళ్ళప్పుడు రెండేళ్ళు ఆమె దగ్గరే పెరిగాను కనుక.

ఆమెకు ఇష్టమైనవి మూడు రకాలు. ప్రయాణం చేసినవాళ్ళు రాసినవి, కథలు కాక నిజం చెప్పేవి, చిన్నపిల్లల బొమ్మల పుస్తకాలు. నవలలు చేతబట్టడం నేను చూడలేదు. ఖమ్మంలో పుస్తకాల కొట్టుకు వెళ్ళి మొదటి రెండు రకాలూ గంటన్నరలో ఏరాను. ఒకాయన సైకిలు మీద ఈశాన్య రాష్ట్రాలు తిరిగింది, ఒకామె నది ఒడ్డు వెంట కాలినడకన పోయింది, అట్లాంటివి ఆరు. పక్షుల గురించి, దిగుడుబావుల గురించి, చుక్కల గురించి, వరి గురించి, ఇట్లాంటివీ ఆరు. బొమ్మల పుస్తకాల అర దగ్గర నిలబడి ఒకటి తీశాను. కొట్టు చూసుకునే ఆమె నవ్వుతూ వచ్చి, "మనుమరాలికా మేడం? ఏజ్ ఎంత?" అని అడిగింది. ఎనభై నాలుగు అనడానికి నోరు రాలేదు. పుస్తకం అరలో పెట్టేశాను. రెండు వందల మంది పిల్లల్ని నిలబెట్టి చదువు చెప్పిన మనిషికి, ఆమె నోట మాట పోయిందని ఏనుగు బొమ్మ తీసుకెళ్ళి చూపించడం నాకు మర్యాదగా తోచలేదు. ఆరూ ఆరూ పన్నెండు సరిపోయాయి కూడా.

మొదటి రోజు సైకిలు మీద తిరిగినాయన పుస్తకం మొదలుపెట్టాను. చిన్నమ్మ పదకొండు నిమిషాలు కళ్ళు తెరిచి ఉంది, తరువాత మూసుకుంది. రెండో రోజు తొమ్మిది నిమిషాలు. మూడో రోజు పక్షుల పుస్తకం తీస్తే ఆరు. నా నోటు పుస్తకంలో తేదీ, పుస్తకం పేరు, పేజీలు, కళ్ళు తెరిచి ఉన్న నిమిషాలు, పలకరింపు అని అయిదు గళ్ళు గీసుకున్నాను. అయిదో గడి ఖాళీగా ఉంటోంది. పద్మ చాయ్ తెచ్చి పెడుతూ, "గడియారం చూసుకుంట చదివితే ఆమెకేం వినబుద్ధి అయితది వదినె? ఫోన్ల పెడితే అదే చదువుతది, నువ్వు చేతులన్న వొత్తుదువు" అంది. ఆమె మాటలో తప్పు లేదు. ఇప్పుడు ఫోను తెరిస్తే లక్ష పుస్తకాలున్నాయి. ఏది కావాలో తెలిసిన మనిషి మంచం మీద ఉంది, చెప్పలేదు. లక్షలో ఏరలేక నేను పక్కన కుర్చీలో ఉన్నాను.

చిన్నమ్మ చిన్న వయసులో పనిచేసిన బడి దుమ్ముగూడేనికి ఎగువన, చర్ల వెళ్ళే దారిలో, గోదావరికి రెండు మైళ్ళ లోపల ఉండేది. అడవి పల్లెల ఆడపిల్లల హాస్టలు, బడి రెండూ ఒకే పెంకుటింట్లో. మా ఊరు మధిర దగ్గర. అక్కడ ఆడపిల్లకు అయిదో తరగతి దాటితే బడి లేదు. అమ్మ నన్ను చిన్నమ్మ దగ్గరికి పంపింది. ఆ ఇంటి వాసన ఇప్పటికీ చెప్పగలను. వేసవి ముందు ఇప్పపూల తీపి వాసన, ఇల్లంతా పొయ్యి పొగ, మలేరియా మందు కొట్టిన గోడల ఘాటు, వానాకాలంలో తడి చాపలు. పొద్దున్నే లాంతరు గాజులు బూడిదతో తుడవడం నా పని. పదకొండు గాజులు. వంట చేసే రాములమ్మ అన్నం వార్చేటప్పుడు గంజిలో ఉప్పు వేసి ఒక గిన్నె నాకు, ఒక గిన్నె చిన్నమ్మకు పక్కన పెట్టేది. చిన్నమ్మ దాన్ని తాగడం ఎప్పుడూ మరచిపోయేది. రాములమ్మ చల్లారిన గంజి పారబోస్తూ, "గీ పంతులమ్మకు పుస్తకం పెడితే కడుపు నిండుతది. నాకు పొయ్యి ఎందుకు పెట్టిన్రో" అని రోజూ అనేది.

పుస్తకాలు మాకు పెట్టెలో వచ్చేవి. పట్నం నుంచి లైబ్రరీ వాళ్ళు రెండు నెలలకొకసారి అడవి బడులకు పంపే పెట్టె అది. టేకు చెక్క, లోపల రేకు, చెదలు పట్టకుండా అడుగున, పైన వేపాకు పరిచేవాళ్ళు. భద్రాచలం నుంచి బండి మీద కొంత దూరం, పడవ మీద కొంత దూరం వచ్చేది. పెట్టెతోపాటు పుస్తకాల జాబితా వచ్చేది; ఒక్కొక్క పేరు పక్కన పేజీలెన్నో కూడా ఉండేది. అందులో మనకు తరువాత కావలసినవాటికి గుర్తు పెట్టి, పాత పుస్తకాలతో తిప్పి పంపాలి. లావుదైనా, సన్నదైనా బడికి ఇరవై నాలుగు పుస్తకాలు. ఇరవై అయిదో గుర్తు పెడితే జాబితా మొత్తం వెనక్కి వచ్చేది.

చిన్నమ్మ ఎంపిక ఎప్పుడూ ఒకటే లెక్క. ప్రయాణాలవి ఎనిమిది, నిజం చెప్పేవి ఏడు, బొమ్మలవి తొమ్మిది. ప్రయాణాలవి ఎందుకంత అని ఒకసారి అడిగాను. "మనం యాడికీ పోలేం గదనే. పోయొచ్చినోళ్ళ ముచ్చటన్న విందాం" అంది. పిల్లలు పడుకోబోయే ముందు ఆమె వాటిని పైకి చదివేది. రాములమ్మ చీర కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చి గడప మీద కూర్చునేది. కొండల్లో నెలల తరబడి నడిచిన ఒకాయన పుస్తకం వింటూ నాలుగో రోజు లేచింది. "గీ అయ్య పొద్దంత నడుస్తండు, మాపు మాపు రాస్తండు, మంచిగనే ఉంది. మరి బువ్వ ఎవరు వండుతున్నరు? ఒక్కనాడన్న రాసిండా?" అని నిలదీసింది. చిన్నమ్మ వెనక్కి వెళ్ళి పేజీలు వెతికింది. ఎక్కడా లేదు. "లేదు రాములమ్మా" అని ఒప్పుకుంది. "మరి గది నిజమని ఎట్ల నమ్ముడు?" అని రాములమ్మ లోపలికి పోయింది. నిజం చెప్పే పుస్తకాలు పిల్లలు అడిగే ప్రశ్నల కోసం. చంద్రుడికి గ్రహణం ఎందుకు, పాము చెవి ఎక్కడ, ఏరు ఎండాకాలం ఎటు పోతుంది. తెలియకపోతే చిన్నమ్మ తెలియదని చెప్పి, తరువాతి జాబితాలో దానికి సంబంధించినది వెతికేది.

బొమ్మల పుస్తకాల పద్ధతి వేరు. సాయంత్రం నాలుగున్నరకు చిన్నమ్మ అరుగు మెట్టు మీద కూర్చుని, పుస్తకం గుండెకు ఆనించి, బొమ్మ పిల్లల వైపు ఉండేట్టు పట్టుకునేది. అందులో రాసిన మాటలు చదివేది కాదు. ఊరుకునేది. పిల్లల్లో ఎవరో ఒకరు బొమ్మలో ఉన్నదాన్ని తమ ఇంట్లో ఏమంటారో ఆ మాట చెప్పాలి. ఎక్కువమందివి కోయ ఇళ్ళు. తెలుగు వాళ్ళకు బడిలోనే వినిపించేది. మాట రాగానే చిన్నమ్మ దాన్ని తిరిగి పలికేది, తప్పుగా. పిల్లలు పడీపడీ నవ్వి సరిచేసేవాళ్ళు. అప్పుడు దాని తెలుగు మాట తను చెప్పి, పేజీ తిప్పేది. ఎవరూ మాట చెప్పకపోతే పేజీ తిరిగేది కాదు. చెయ్యి నొప్పి పుట్టినా అట్లాగే పట్టుకొని కూర్చునేది. నేను పక్కన స్తంభానికి ఆనుకొని పుస్తకాల రిజిస్టరు రాస్తూ ఉండేదాన్ని. పదహారు పేజీల పుస్తకానికి ఒక్కోరోజు ముప్పావు గంట పట్టేది. "గింత లేటుగ తిప్పితే ఎన్నడు అయిపోతయి చిన్నమ్మా?" అని విసుక్కున్నాను. "అయిపోవాల్నని ఎవలన్నరే?" అంది.

ఆ ఏడు దసరా తరువాత లచ్చి అనే పిల్ల వచ్చింది. ఏడేళ్ళుంటాయి. లోపలి పల్లె నుంచి తండ్రి తీసుకొచ్చి దించి వెళ్ళాడు. వచ్చి నెలన్నర దాటినా ఆ పిల్ల ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు, ఆ పల్లెల పిల్లలతో కూడా. తినమంటే తినేది, పడుకోమంటే పడుకునేది. మాటే రాదేమో అనుకున్నారు రాములమ్మా వాళ్ళు. ఒక సాయంత్రం చిన్నమ్మ పడవ బొమ్మ ఉన్న పేజీ పట్టుకుంది. నీళ్ళ మీద పడవ, పడవ కొసన కొంగ, వెనక తెడ్డు పట్టిన మనిషి, ఒడ్డున చెట్లు. పెద్దపిల్లలు ఏదో గొడవలో ఉండి ఎవరూ పలకలేదు. చాలాసేపటికి వెనక వరసలోంచి సన్నగా ఒక మాట వచ్చింది. అందరూ వెనక్కి తిరిగారు. లచ్చి. చిన్నమ్మ ఆ మాట తిరిగి పలికింది, తప్పుగానే. లచ్చి తల అడ్డంగా ఊపి మళ్ళీ చెప్పింది. పేజీ తిరిగింది. ఆ తరువాత పది రోజులు, పుస్తకం మా దగ్గర ఉన్నన్నాళ్ళు, ఆ పిల్ల నాలుగున్నర కాకముందే దాన్ని తెచ్చి చిన్నమ్మ ఒళ్ళో పెట్టేది. ఆ ఒక్క పేజీకి ఆ ఒక్క మాట చెప్పేది. పెట్టెలో సర్దేటప్పుడు చిన్నమ్మ ఆ పిల్ల తల నిమిరి, "మల్ల వస్తది, గీ పెట్టెలనే మల్ల తెప్పిస్త" అని చేతులతో చూపించి చెప్పింది.

ఈ మాట నేను విన్నాను. విని లెక్కలోకి తీసుకోలేదు.

జాబితా పంపవలసిన ముందురోజు మధ్యాహ్నం చిన్నమ్మకు చలిజ్వరం వచ్చింది. మూడు గొంగళ్ళు కప్పినా మంచం కదిలేలా వణుకుతోంది. పడవ తెల్లవారగానే వెళ్తుంది. "ఇయ్యాల నువ్వే గుర్తులు పెట్టవే. నీకు తెలుసుగద" అని జాబితా, పెన్సిలు నాకిచ్చింది. నాకు పన్నెండేళ్ళు. ఎంత గర్వమో చెప్పలేను. వసారాలో బోర్లా పడుకొని లెక్క వేశాను. బొమ్మల పుస్తకాలు తొమ్మిది, ఒక్కొక్కటి పదహారు పేజీలు, మొత్తం నూట నలభై నాలుగు. వాటి చోట లావుపాటివి తొమ్మిది పెడితే రెండు వేల నూట అరవై పేజీలు వస్తాయి. పెట్టె అదే, పడవ అదే, సంఖ్య అదే ఇరవై నాలుగు. పైగా ఒకసారి వచ్చిన పుస్తకం మళ్ళీ తెప్పించడం వృథా అని నా అభిప్రాయం. ఆ తొమ్మిది గుర్తులూ లావుపాటివాటికే పెట్టాను. చిన్నమ్మకు చూపిద్దామని వెళ్తే కళ్ళు మూసుకొని ఉంది. లేపలేదు. లేస్తే సంతోషిస్తుందనుకున్నాను.

పెట్టె వచ్చిన రోజు పిల్లలు ఎప్పటిలాగే చుట్టూ మూగారు. పైనున్న వేపాకు తీసి పక్కన పెట్టాను. ఒక్కొక్క పుస్తకం తీసి అరుగు మీద పేర్చాను. అన్నీ లావుపాటివి, అన్నీ అక్షరాలే. పెద్దపిల్లలు రెండు మూడు తిరగేసి వదిలేశారు. చిన్నపిల్లలు ఇంకా ఉంటాయని నిలబడ్డారు. ఇరవై నాలుగూ అయ్యాక వాళ్ళూ పోయారు. లచ్చి పోలేదు. పెట్టెలోకి వంగి, అడుగున ఉన్న వేపాకు రెండు చేతులతో పక్కకు జరిపింది. రేకు కనిపించింది. ఆకు మళ్ళీ ఉన్నట్టే సర్ది వెళ్ళిపోయింది. చిన్నమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. జాబితా నకలు అడిగి తీసుకొని, తొమ్మిది గుర్తుల మీదా వేలు పెట్టుకుంటూ చదివింది.

మూడో సంతకు లచ్చి తండ్రి చింతపండు అమ్ముకోవడానికి వచ్చాడు. తిరిగి వెళ్తుంటే ఆ పిల్ల అతని వెనకే నడిచి వెళ్ళిపోయింది. పిల్లలు అట్లా వెళ్ళడం, తిరిగి రావడం మామూలే. పదిహేను రోజులు చూసి, చిన్నమ్మ రాములమ్మ తమ్ముణ్ణి తోడు తీసుకొని ఆ పల్లెకు నడిచింది. పదకొండు మైళ్ళు. రెండో రోజు పొద్దుగూకే ముందు తిరిగొచ్చింది, కాళ్ళు వాచి. పల్లె లేదట. పోడు భూమి మార్చుకొని వేరే చోటికి వెళ్ళిపోయారు. గుంజల గుంతలు, బూడిద, పగిలిన కుండ ఒకటి ఉన్నాయంది. ఎటు పోయారో చెప్పేవాళ్ళు లేరు. చిన్నమ్మ పట్నానికి జాబు రాసి మరుసటి పెట్టెలో ఆ పడవ పుస్తకం తెప్పించింది. ప్రతి సంతలోనూ అడిగేది. నేనున్న రెండేళ్ళలో లచ్చి జాడ తెలియలేదు.

"నా వల్లనే పోయిందా చిన్నమ్మా?" అని ఒక్కసారే అడిగాను. ఆమె కాళ్ళకు వేడినీళ్ళు పోస్తున్నాను. "నీ లెక్క తప్పలేదులే బిడ్డా" అంది. అంతకంటే కొట్టినా బాగుండేది. ఆ తరువాత జీవితమంతా నా లెక్కలు ఎవరూ తప్పు పట్టలేదు. ప్రతిసారీ ఆ మాటే వినిపించేది.

నేను మణుగూరు వచ్చిన ఆరో రోజు, చిన్నమ్మ కింద పరచడానికి పాత నూలు చీరలు కావాలని పద్మ అటక మీది ట్రంకు దించింది. చీరల కింద రెండు వస్తువులు ఉన్నాయి. ఒకటి ఆ బడి పుస్తకాల రిజిస్టరు, నా చేతిరాత. రెండోది అట్ట ఊడిపోయి, గోనెదారంతో కుట్టిన పదహారు పేజీల పుస్తకం. చిరిగిపోయినవని లైబ్రరీ వాళ్ళు లెక్కలోంచి కొట్టేసినప్పుడు చిన్నమ్మ అడిగి తెచ్చుకుందని, ఎవరినీ ముట్టనిచ్చేది కాదని పద్మ చెప్పింది. "నా పిల్లలకు గూడ ఇయ్యలే వదినె. గిదేం పుస్తకమో, గంత పావురం, పానం లెక్క చూసుకునేది" అంది.

నేను అది పట్టుకొని మంచం పక్కకు రాగానే చిన్నమ్మ ఎడమ చెయ్యి లేచింది. ఆరు రోజుల్లో ఆ చెయ్యి నా కోసం లేవడం అదే మొదలు. పుస్తకం ఆమె గుండె మీద పెట్టాను. ఒక్క చేత్తో తెరవబోతే జారింది. మళ్ళీ పెట్టాను. బొటనవేలితో ఒక్కొక్క పేజీ నెట్టుకుంటూ పడవ దగ్గర ఆగింది. తరువాత పుస్తకం తిప్పి, బొమ్మ నా వైపు పెట్టింది. నాకిస్తోందనుకొని చెయ్యి చాపాను. వదలలేదు. గుండెకు ఆనించుకొని నా మొహంలోకి చూస్తోంది. అప్పుడు అర్థమైంది. నాలుగూ ఇరవై అయింది. ఆమె మళ్ళీ ఆ బడి అరుగు మెట్టు మీద కూర్చుంది. నేను పిల్లల్లో ఉన్నాను.

పడవ అన్నాను. చూస్తోంది. దోనె అన్నాను. నావ అన్నాను. కొంగ, తెడ్డు, ఏరు, చెట్టు, గోదారి. బొమ్మలో ఉన్న ప్రతిదానికీ నాకు తెలిసిన ప్రతి మాటా చెప్పాను. బొటనవేలు కదలలేదు. లేచి రిజిస్టరు తెచ్చి తిరగేశాను. ఆ పుస్తకం వరుస దొరికింది. పేజీలు పదహారు. వచ్చిన తేదీ, పోయిన తేదీ, మళ్ళీ వచ్చిన తేదీ. కుడి మూల చిరిగింది. ఎన్ని సాయంత్రాలు చూపించిందో, ఏ రోజు ఎంతమంది కూర్చున్నారో, అన్నీ గుండ్రంగా రాసి ఉన్నాయి. పది సాయంత్రాలు మూడు గజాల దూరంలో కూర్చొని విన్న మాట ఒక్కటి ఎక్కడా లేదు.

పద్మ గుమ్మంలోకి వచ్చింది. "అత్తమ్మ ఏమంటుంది?"

"అడుగుతోంది."

"ఏం అడుగుతుంది?"

చెప్పాను, ఉన్నదంతా. పద్మ తల గోక్కుంది. "మన వెనక లైన్ల చర్ల దిక్కామె ఉంది వదినె, కోయామెనే. బిడ్డ కాడికి పోయింది, సోమవారం వస్తది. అడుగుదాం." అడగవచ్చు. ఆమె వచ్చి పడవను ఏమంటారో చెబుతుంది, కొంగను ఏమంటారో చెబుతుంది. లచ్చి చెప్పింది పడవ పేరో, కొంగ పేరో, ఆ తెడ్డు మనిషిలో తన తండ్రినే చూసి పిలిచిందో ఆమెకెట్లా తెలుస్తుంది? తెలిసినది చిన్నమ్మకు. ఆమె చెప్పలేదు. వినవలసినదాన్ని నేను. వినలేదు.

చిన్నమ్మ చెయ్యి వణకడం మొదలైంది. పుస్తకం దించుతుందేమోనని చూశాను. దించలేదు. కుర్చీ దగ్గరకు జరుపుకొని, నా చెయ్యి కింద పెట్టి ఆనుగా పట్టాను. బొమ్మ నా వైపే ఉంది. ఆమె కళ్ళు నా మీదే ఉన్నాయి, నిద్రా లేదు, మగతా లేదు. చివరికి చెయ్యి దానంతటదే దుప్పటి మీదికి జారింది. కళ్ళు అప్పుడు మూసుకుంది.

నా నోటు పుస్తకం తీసి గళ్ళు నింపాను. తేదీ. పుస్తకం పేరు తెలియదు, అట్ట లేదు. పేజీలు ఒకటి. కళ్ళు తెరిచి ఉన్నది నాలుగూ ఇరవై నుంచి నాలుగూ యాభై రెండు వరకు, ముప్పై రెండు నిమిషాలు. పలకరింపు అన్న గడి దగ్గర కలం ఆగింది. ఉందని రాశాను. దాని పక్కన, జవాబు అని ఆరో గడి గీసి, ఖాళీగా వదిలేశాను.